భోజనం తర్వాత రక్తంలో చేరే కొవ్వు, గుండె జబ్బు: శ్రీకాకుళం, విజయనగరం పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె జబ్బు మాట రాగానే మన ఇళ్లలో చర్చ నెయ్యి మంచిదా చెడ్డదా అన్న దగ్గర మొదలై ఏ నూనె కొనాలన్న దగ్గర ఆగిపోతుంది. తిన్న కొవ్వు రక్తంలోకి ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు అక్కడ తిరుగుతుంది, ఆ గంటల్లో రక్తనాళాలకు ఏమవుతుంది అన్న ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి. రోజులో అధిక భాగం మన శరీరం ఏదో ఒక పూట భోజనాన్ని అరిగించుకుంటూనే ఉంటుంది కనుక, ఈ పేజీలో ఆ గంటల గురించే ప్రధానంగా వివరించాము. ఇది సాధారణ అవగాహన కోసం రాసినది. మందులు మార్చుకోవడానికి గాని మానేయడానికి గాని దీనిని ఆధారంగా తీసుకోవద్దని మనవి.

భోజనం తర్వాత రక్తంలో కొవ్వు పెరగడం అంటే అసలు ఏం జరుగుతుంది?

నూనె, నెయ్యి, మాంసం, కొబ్బరి, వీటన్నింటిలోని కొవ్వు దాదాపు అంతా ట్రైగ్లిజరైడ్ల రూపంలోనే ఉంటుంది. చిన్నపేగులో పైత్యరసం, క్లోమరసం కలిసి దానిని విడగొడతాయి. పేగు గోడలోని కణాలు ఆ భాగాలను పీల్చుకొని, తిరిగి ట్రైగ్లిజరైడ్లుగా కూర్చి, కైలోమైక్రాన్లు అనే కణికలలో నింపి శోషరస నాళాల్లోకి వదులుతాయి. పిండిపదార్థాల నుంచి వచ్చే చక్కెర ముందుగా కాలేయానికి వెళుతుంది. కైలోమైక్రాన్లు మాత్రం కాలేయం వైపు పోకుండా, మెడ మొదట్లో ఉన్న పెద్ద సిర ద్వారా నేరుగా రక్తప్రవాహంలో కలుస్తాయి. కండరాలలోను, కొవ్వు కణజాలంలోను ఉన్న రక్తకేశనాళికల గోడలకు అంటిపెట్టుకొని ఉండే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము ఆ కణికల నుంచి కొవ్వును దించుతుంది. కొవ్వు దిగిపోయాక మిగిలిన చిన్న శేషకణికలను కాలేయం లోపలికి తీసుకుంటుంది.

ఆరోగ్యవంతుల్లో భోజనం చేసిన 3–4 గంటలకు ట్రైగ్లిజరైడ్లు గరిష్ఠ స్థాయికి చేరి, సుమారు 6–8 గంటలకు మామూలు స్థాయికి వస్తాయి. మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవారిలో ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఉదయం 8 గంటలకు పూరీ, 11 గంటలకు టీతో పాటు పుణుగులు, 1 గంటకు భోజనం, సాయంత్రం బజ్జీ, రాత్రి మళ్లీ భోజనం అన్న దినచర్య ఉన్నవారిలో ఒక పూట కొవ్వు దిగకముందే రెండో పూట కొవ్వు వచ్చి చేరుతుంది. అంతేకాదు, ముందు పూట తిన్న కొవ్వులో కొంత పేగు కణాలలోనే నిలిచి ఉండి, తరువాతి భోజనం పడగానే బయటకు వస్తుందని పరిశోధనల్లో స్పష్టమైంది. అందువల్ల పగలంతా రక్తంలో కొవ్వు తగ్గని స్థితి ఏర్పడుతుంది.

తిన్న కొవ్వు రక్తంలోకి రావడం సహజమే కదా, దాని వల్ల గుండెకు హాని ఏమిటి?

సహజమే, అందులో సందేహం లేదు. ఎంత మోతాదులో వస్తుంది, ఎంతసేపు ఉంటుంది అన్నదానిని బట్టే హాని నిర్ణయమవుతుంది. కొవ్వు నిండుగా ఉన్న కైలోమైక్రాన్లు చాలా పెద్దవి కనుక ధమని గోడలోకి దూరలేవు. కొవ్వు దిగిన తర్వాత మిగిలే శేషకణికలు దూరగలవు. అవి కొలెస్ట్రాల్‌ను మోసుకుపోయి గోడ లోపల చిక్కుకుంటాయి. ధమనులలో పూడిక పేరుకోవడం ప్రధానంగా భోజనానంతర గంటల్లో జరిగే ప్రక్రియ అన్న ప్రతిపాదనను 1979లో డొనాల్డ్ జిల్వర్‌స్మిట్ అనే అమెరికా శాస్త్రవేత్త ముందుకు తెచ్చారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలో చాలా భాగం ఆయన చూపిన దారిలోనే నడిచింది.

రెండో హాని రక్తనాళాల లోపలి పొరకు జరుగుతుంది. దాదాపు 50 గ్రాముల కొవ్వు ఉన్న భోజనం ఒక్క పూట చేసినా, ఆ తర్వాత కొన్ని గంటలపాటు ఆరోగ్యవంతులలో సైతం ధమనులు విప్పారే శక్తి తగ్గుతుందని 1997లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. అన్నే కేలరీలతో కొవ్వు లేకుండా ఇచ్చిన భోజనం తర్వాత ఆ మార్పు కనిపించలేదు. ఒక పూటతో వచ్చిన ఈ మార్పు ఆ పూటతోనే పోతుంది, భయపడవలసిన పని లేదు. అదే మార్పు రోజుకు మూడు నాలుగు సార్లు, ఇరవై ముప్ఫై ఏళ్లపాటు జరిగితే నాళం దెబ్బతింటుంది.

దీనిని కంటితో చూసే అవకాశం ల్యాబ్ టెక్నీషియన్లకు ఉంటుంది. పరగడుపున తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలే సీరం లేత పసుపు రంగులో, వెనక ఉన్న అక్షరాలు కనిపించేటంత తేటగా ఉంటుంది. కొవ్వు దండిగా ఉన్న విందు తిన్న కొన్ని గంటలకు తీసిన రక్తంలో, ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లు ముందే ఎక్కువగా ఉన్నవారిలో, ఆ సీరం తెల్లగా మసకబారి గొట్టం అవతలి పక్క ఏమీ కనిపించదు. ఆ తెల్లదనం కైలోమైక్రాన్లదే.

నేను ఏటా పరగడుపున లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష, చేయించుకుంటున్నాను. అది సరిపోదా?

చాలామందికి సరిపోతుంది, కాని అది రోజులోకెల్లా అత్యంత ప్రశాంతమైన సమయంలో తీసిన లెక్క. 2007లో ఒకే వైద్య పత్రికలో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు, ఒకటి డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ నుంచి, మరొకటి అమెరికాలోని మహిళల మీద, పరగడుపున కాని సమయంలో కొలిచిన ట్రైగ్లిజరైడ్లకు గుండె జబ్బుతో గట్టి సంబంధం ఉందని చూపాయి. అమెరికా అధ్యయనంలో భోజనం చేసిన 2–4 గంటల మధ్య కొలిచిన విలువకే ఆ సంబంధం అన్నిటికంటే బలంగా కనిపించింది. 2016లో ఐరోపా నిపుణుల సంఘాలు సాధారణ లిపిడ్ పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదని ప్రకటించాయి. పరగడుపున ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. తిన్న తర్వాత తీసిన రక్తంలో 175 లేదా అంతకు మించి ఉంటే ఎక్కువ అని పరిగణిస్తారు. 440 దాటితే పరగడుపున మళ్లీ పరీక్షించడం మంచిది.

మీ రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ నుంచి మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్‌ను తీసివేయగా వచ్చే అంకెను నాన్ హెచ్‌డీఎల్ అంటారు. చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్‌తో పాటు శేషకణికల్లోని కొలెస్ట్రాల్ కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి, భోజనానంతర కొవ్వు గురించి ఆలోచించేవారు ఈ ఒక్క తీసివేత తప్పకుండా చేసుకోవాలి. మధుమేహం, గుండె జబ్బు లేనివారిలో ఇది సాధారణంగా 130 లోపు ఉండటం మేలు. జబ్బు ఉన్నవారికి లక్ష్యం ఇంకా తక్కువ, దానిని వైద్యులే నిర్ణయిస్తారు.

కొవ్వు రకాన్ని బట్టి భోజనం తర్వాత పెరుగుదల మారుతుందా?

ఈ ప్రశ్నకు సమాధానం చాలామంది ఆశించేటట్లు ఉండదు. ఒక్క పూట విషయానికి వస్తే, కొవ్వు రకం కన్నా మోతాదు ఎక్కువ ప్రభావం చూపుతుంది. 15 గ్రాముల లోపు కొవ్వు ఉన్న భోజనం ఆరోగ్యవంతుల్లో ట్రైగ్లిజరైడ్లను పెద్దగా కదిలించదు. 30–50 గ్రాములు ఉన్న భోజనం స్పష్టంగా పెంచుతుంది, ఆ కొవ్వు నేతిది అయినా నువ్వుల నూనెది అయినా. ఖరీదైన నూనె వాడుతున్నాము కాబట్టి ఎంత పోసినా ఫరవాలేదన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

నెలలు, ఏళ్ల లెక్కలో మాత్రం రకమే కథను మారుస్తుంది. సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్న, పామాయిల్, కొబ్బరినూనె, మాంసపు కొవ్వులో ఎక్కువగా ఉండేది, రోజూ తీసుకుంటూ ఉంటే కాలేయం మీద ఉండే ఎల్‌డీఎల్ గ్రాహకాల పని మందగిస్తుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాగేవి ఆ గ్రాహకాలే, భోజనం తర్వాత మిగిలిన శేషకణికలను లాగేవాటిలోనూ అవి ఉన్నాయి. అవి మందగిస్తే రెండూ రక్తంలో నిలిచిపోతాయి. వేరుశనగ, నువ్వులు, తవుడు, పొద్దుతిరుగుడు నూనెల్లో ఎక్కువగా ఉండే అసంతృప్త కొవ్వులు దీనికి విరుద్ధంగా పనిచేస్తాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన సలహా పత్రంలో, సంతృప్త కొవ్వు స్థానంలో బహుళ అసంతృప్త నూనెలు వాడిన ప్రయోగాలలో గుండె జబ్బులు సుమారు 30 శాతం తగ్గాయని పేర్కొంది. సంతృప్త కొవ్వు తగ్గించి ఆ లోటును తెల్లన్నం, పంచదార, మైదాతో పూరిస్తే ఆ లాభం రాదని కూడా అదే పత్రం చెప్పింది.

వనస్పతి వంటి వాటిలో ఉండే ట్రాన్స్ కొవ్వుల విషయంలో చర్చకు తావే లేదు. అవి ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయి, వాటికి మేలు చేసే మోతాదు అంటూ ఏదీ లేదు.

వేడి అన్నంలో నెయ్యి వేసుకోవడం మానేయాలా?

ఆరోగ్యంగా ఉన్నవారు రోజుకు ఒక చెంచా వేసుకుంటే తప్పు లేదు. ఒక చిన్న చెంచా నేతిలో సుమారు 5 గ్రాముల కొవ్వు, అందులో 3 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం రోజుకు 2,000 కేలరీలు తినే వ్యక్తి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదు. ఒక చెంచా ఆ లెక్కలో ఇమిడిపోతుంది. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, మనం నేతిని లెక్కలోకి తీసుకొని, గేదె పాలను మరచిపోతాము. అర లీటరు చిక్కటి గేదె పాలలో 30 గ్రాములకు పైగా కొవ్వు ఉంటుంది, దానిలో ఎక్కువ భాగం సంతృప్తమే. మూడు పూటలా టీ, గడ్డ పెరుగు, పైన నెయ్యి అన్నీ కలిస్తే పరిమితి ఎప్పుడో దాటిపోతుంది. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు, స్టెంటు వేయించుకున్నవారు నేతిని పండుగ రోజుకు పరిమితం చేసుకొని, పాల మీద మీగడ తీసి వాడుకోవడం మంచిది.

మా ఇంట్లో పామాయిల్ తప్ప వేరే నూనె కొనే స్థోమత లేదు. ఏం చేయాలి?

ఇది న్యాయమైన ప్రశ్న. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, అందులోనూ ఎల్‌డీఎల్‌ను పెంచే పామిటిక్ ఆమ్లమే ఎక్కువ. అయినా దానిని విషం అనడం సరికాదు. పేద కుటుంబానికి చౌకగా దొరికే కేలరీలను తీసివేసి, బదులు ఏమీ చూపకపోవడం సలహా అనిపించుకోదు. మొత్తం వాడకాన్ని నాలుగో వంతు తగ్గించి, అలా మిగిలిన డబ్బుతో నెలకు అర లీటరు వేరుశనగ లేదా తవుడు నూనె కొని తాలింపులకు, కూరలకు వాడుకోండి. వేపుళ్లకు బదులు పులుసు, ఇగురు, ఆవ పెట్టిన కూరలు చేసుకుంటే నూనె దానంతట అదే తగ్గుతుంది. మన వైపు వంటలో ఆవకు ఉన్న స్థానం ఇందుకు బాగా అక్కరకు వస్తుంది. పనసపొట్టు కూరకు రుచి నూనె వల్ల కన్నా ఆవ ముద్ద వల్లే ఎక్కువ వస్తుంది.

ఉద్దానం వాళ్లం, కొబ్బరి లేనిదే మాకు వంట లేదు. కొబ్బరి గుండెకు మంచిదని ఈ మధ్య చాలా వింటున్నాము.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి ఆహారమే కాదు, జీవనాధారం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటలను పడగొట్టినప్పుడు ఆ కుటుంబాలు ఎంత నష్టపోయాయో అందరికీ తెలుసు. కనుక ఈ విషయాన్ని ఆచితూచి చెప్పవలసి ఉంది. కొబ్బరినూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వు ఉంటుంది. దానిలోని చిన్న కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి వెళ్లి ఖర్చయిపోతాయన్నది ప్రచారంలో ఉన్న వాదన. నిజానికి అందులో అన్నిటికంటే ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లంలో పెద్ద భాగం మిగతా కొవ్వుల మాదిరిగానే కైలోమైక్రాన్లలో ప్రయాణిస్తుంది. 2020లో అనేక ప్రయోగాలను కలిపి చేసిన విశ్లేషణలో, ఇతర వంట నూనెలతో పోల్చినప్పుడు కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ను సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది.

పచ్చికొబ్బరి కోరు కూరలో చల్లుకోవడం వేరు, వంటంతా కొబ్బరినూనెతో చేయడం వేరు. మొదటిదానిలో పీచు ఉంది, మోతాదు కూడా తక్కువ. రోజూ ఉదయం ఇడ్లీతో గిన్నెడు కొబ్బరి చట్నీ తినే అలవాటు ఉంటే, సగం కొబ్బరి తగ్గించి ఆ స్థానంలో వేయించిన సెనగపప్పు లేదా వేరుశనగ వేసుకోవచ్చు. మరొక మాట ఇక్కడే చెప్పాలి. కొబ్బరి నీళ్లలో కొవ్వు దాదాపు ఉండదు, కాని పొటాషియం ఎక్కువ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి రోగులు వైద్యుణ్ని అడగకుండా కొబ్బరి నీళ్లు తాగకూడదు.

పలాస జీడిపప్పులో కొవ్వు ఎక్కువ కదా?

కొవ్వు ఎక్కువే, 100 గ్రాములకు 45 గ్రాముల దాకా ఉంటుంది. అయితే దానిలో సగానికి పైగా ఒలీయిక్ ఆమ్లం, అంటే వేరుశనగ, ఆలివ్ నూనెల్లో ఉండే రకం. రోజుకు పది పన్నెండు గింజలు వేయించకుండా, ఉప్పు జల్లకుండా తింటే గుండెకు ఇబ్బంది లేదు. నేతిలో వేయించి ఉప్పూకారం పట్టించిన జీడిపప్పును ఈ లెక్కలో వేయరాదు.

ఇంతకీ ఏ నూనె వాడాలి? గానుగ నూనె మంచిదా, రిఫైన్డ్ మంచిదా?

ఒకే నూనెను ఏళ్లతరబడి పట్టుకోవడం కంటే రెండు మూడు నూనెలను మార్చి మార్చి వాడటం మేలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతూ వస్తోంది. మన రెండు జిల్లాల్లో నువ్వులు, వేరుశనగ పండుతాయి కాబట్టి ఆ రెండింటితో మొదలుపెట్టడం సులువు. నువ్వుల నూనెలో సంతృప్త కొవ్వు సుమారు 15 శాతం, వేరుశనగ నూనెలో 20 శాతం లోపు, తవుడు నూనెలో 20–25 శాతం, పొద్దుతిరుగుడులో 10–12 శాతం ఉంటుంది. గానుగలో ఆడించినా రిఫైన్డ్ చేసినా కొవ్వు ఆమ్లాల పాళ్లు దాదాపు మారవు. గానుగ నూనెలో సహజ రక్షక పదార్థాలు, వాసన ఎక్కువగా మిగులుతాయి. స్వచ్ఛమైనది దొరికితే తీసుకోవచ్చు, దానికోసం అప్పు చేయవలసిన అవసరం లేదు.

నెలకు మనిషికి ఎంత నూనె?

జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల నమూనా భోజనంలో నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు చూపింది. అంటే మనిషికి నెలకు సుమారు 900 మిల్లీలీటర్లు. నలుగురు ఉన్న ఇంటికి మూడున్నర లీటర్లు దాటకూడదు, వారిలో చిన్నపిల్లలు ఉంటే ఇంకా తక్కువ. ప్రతి పూటా కొలవడం ఎవరి వల్లా కాదు. నెల మొదట్లో ఆ పరిమాణమే తెచ్చి, అది అయ్యేదాకా మళ్లీ కొనకుండా ఉండటం ఆచరణలో నిలిచే పద్ధతి.

కూడలి బండ్ల దగ్గర బజ్జీలు, పుణుగులు తింటే ఏమవుతుంది?

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర గాని, విజయనగరం గంటస్తంభం పరిసరాల్లో గాని సాయంత్రం ఏదైనా బండి దగ్గర నిలబడి మూకుడులోకి ఒకసారి చూడండి. మొదటి వాయికి తేటగా ఉన్న నూనె చీకటి పడేసరికి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, అంచుల వెంట జిగురు నురగ కడుతుంది, పిండి వేయకముందే పొగ లేస్తుంది. ఆ పొగ, నురగ, చిక్కదనం నూనె విచ్ఛిన్నమవుతోందన్నదానికి గుర్తులు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం వేపుడు నూనెలో మొత్తం పోలార్ పదార్థాలు, అంటే నూనె కాగి విచ్ఛిన్నమైనప్పుడు పుట్టేవి, 25 శాతం దాటితే దానిని వంటకు వాడరాదు. పలుమార్లు కాచిన నూనెతో చేసిన భోజనం తర్వాత రక్తనాళాల లోపలి పొర పనితీరు తాజా నూనెతో చేసిన భోజనం తర్వాత కన్నా ఎక్కువగా దెబ్బతిన్నట్లు అధ్యయనాలు ఉన్నాయి. బండి నడిపేవారిని తప్పుపట్టడం ఈ మాటల ఉద్దేశం కాదు. వారికి నూనె ధర గిట్టుబాటు కావాలి. తినేవారు వారానికి ఒకసారికి తగ్గించుకోవడం, ఇంట్లో కాచిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకే వాడేసి మళ్లీ మూకుడులో పోయకపోవడం మన చేతిలో ఉన్న పనులు.

వనస్పతిలో, దానితో చేసే బేకరీ సరుకులో ఒకప్పుడు ట్రాన్స్ కొవ్వు చాలా ఎక్కువగా ఉండేది. మన దేశంలో 2021 జనవరి నుంచి దానిని 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేశారు. ప్యాకెట్ మీద పరిమితి అమలవుతున్నా, విడిగా అమ్మే పఫ్‌లు, బిస్కెట్ల విషయంలో జాగ్రత్త అవసరమే.

తీరం వెంబడి చేపలు దొరుకుతాయి. అవి నిజంగా ఉపయోగపడతాయా?

ఉపయోగపడతాయి, ఈ పేజీలో చెప్పిన వాటన్నింటిలో భోజనానంతర ట్రైగ్లిజరైడ్లను నేరుగా తగ్గించే కొవ్వు చేపల్లోని ఒమేగా 3 ఒక్కటే. అది కాలేయం సొంతంగా తయారుచేసి రక్తంలోకి వదిలే ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తుంది. దానితో లైపోప్రోటీన్ లైపేజ్ ఎంజైముకు భారం తగ్గి, భోజనం నుంచి వచ్చిన కైలోమైక్రాన్లను త్వరగా ఖాళీ చేయగలుగుతుంది. ఖరీదైన వంజరం కన్నా చౌకగా దొరికే కవళ్లు, కానాగంతల్లోనే ఈ కొవ్వు ఎక్కువ. వారానికి రెండు సార్లు పులుసుగా వండుకుంటే చాలు. మునిగేంత నూనెలో వేపితే వచ్చిన లాభం ఆ నూనెలోనే పోతుంది. ఎండుచేపలో ఉప్పు విపరీతం కనుక రక్తపోటు, కిడ్నీ సమస్య ఉన్నవారు దూరంగా ఉండాలి. శాకాహారులకు అవిసె గింజలు, అక్రోటు పప్పు కొంత సాయపడతాయి. వాటిలోని ఒమేగా 3ను మన శరీరం చేప కొవ్వు రూపంలోకి మార్చుకోగలిగేది స్వల్పంగానే.

నేను నూనె బాగా తగ్గించాను. అయినా ట్రైగ్లిజరైడ్లు 260 ఉన్నాయి. ఎందుకు?

ఎక్కువ సందర్భాల్లో కారణం కంచంలోని అన్నం పరిమాణం, టీలోని పంచదార, మద్యం. అవసరానికి మించి తిన్న పిండిపదార్థాన్ని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. వాటిని దించేది కూడా ముందు చెప్పిన ఎంజైమే. రెండు వైపుల నుంచి సరుకు వచ్చి ఒకే ఎంజైము ముందు నిలబడితే, తిన్న కొద్దిపాటి నూనె కూడా రక్తంలో చాలాసేపు తిరుగుతుంది. దక్షిణాసియా వాసులలో సన్నగా కనిపించేవారిలో సైతం పొట్ట లోపలి కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, తక్కువ హెచ్‌డీఎల్ అన్నవి కలిసి ఉండటం వల్ల ఈ ఇబ్బంది మనకు మరీ ఎక్కువ.

మన పెద్దలు పొద్దున్నే తాగిన చోడి (రాగి) అంబలి, గంటె (సజ్జ) అంబలి ఇక్కడ గుర్తు చేసుకోదగినవి. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు 3 గ్రాముల లోపు పీచు ఉంటే, చోళ్లలో సుమారు 11 గ్రాములు ఉంటుంది. మూడు పూటల అన్నంలో ఒక పూటను చోడి అంబలితోనో సంగటితోనో మార్చి, మిగిలిన పూటల్లో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచితే, రెండు మూడు నెలల తర్వాత చేయించిన పరీక్షలో తేడా కనిపించే అవకాశం బాగా ఉంది. చోడి పిండిలో బెల్లం దండిగా కలిపితే మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది.

నూనె పూర్తిగా మానేస్తే ఇంకా మంచిది కదా?

కాదు. శరీరం తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు ఆహారం నుంచే రావాలి, కొన్ని విటమిన్లు ఒంటికి పట్టడానికీ కొవ్వు కావాలి. పైగా నూనె మానేసినవారు ఆకలికి అన్నం పెంచుతారు, దాని ఫలితం పై ప్రశ్నలో చెప్పినదే.

పైడితల్లి జాతర, కనుమ, పెళ్లిళ్లు వస్తాయి. ఆ రోజుల్లో ఎలా?

పండుగ భోజనాన్ని భయంతో తినమని ఈ పేజీ చెప్పదు. ఏడాదిలో పది పదిహేను విందులు ఎవరి గుండెనూ పాడుచేయవు. అయినా మధుమేహం, అధిక ట్రైగ్లిజరైడ్లు ఉన్నవారికి కొన్ని మెలకువలు ఉన్నాయి. విందుకు ముందు రోజు సాయంత్రం 45 నిమిషాలు, ఒంటికి చెమట పట్టేలా వేగంగా నడవండి. వ్యాయామం చేసిన కొన్ని గంటల తర్వాత కండరాల్లో లైపోప్రోటీన్ లైపేజ్ పని పెరుగుతుంది, ఆ ప్రభావం మరుసటి రోజు భోజనానికి అందుతుంది. అందుకే ముందు రోజు నడకకు ఇక్కడ విలువ. తిన్న తర్వాత మెల్లగా నడిస్తే చక్కెర పెరుగుదల తగ్గుతుంది, అది కూడా వదులుకోవద్దు. గారెలు, మాంసం తిన్న పూట అరిసెలు, లడ్డూలు మరో పూటకు ఉంచుకోవాలి. కొవ్వుతో పాటు తీపి కలిసినప్పుడు ట్రైగ్లిజరైడ్లు మరింత పెరుగుతాయి. విందు తర్వాతి పూట మజ్జిగ, చారు, కూరగాయలతో తేలికగా గడిపితే రక్తానికి తేరుకునే సమయం దొరుకుతుంది.

మద్యం గురించి విడిగా చెప్పాలి. కొవ్వు ఉన్న భోజనంతో పాటు మద్యం తీసుకుంటే ట్రైగ్లిజరైడ్లు ఇంకా ఎత్తుకు పోయి ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. సారా అయినా, సీసా మద్యం అయినా, చెట్టు కింద తాగిన తాటికల్లు అయినా లోపలికి పోయేది ఆల్కహాలే.

ఎవరు అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

మధుమేహం ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, థైరాయిడ్ లోపానికి చికిత్స తీసుకోనివారు, నెలసరి ఆగిన స్త్రీలు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఉన్న కుటుంబ సభ్యులు. పరగడుపునే ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవారి పరిస్థితి వేరు. వారిలో ఎంజైము శక్తి అప్పటికే నిండిపోయి ఉంటుంది కనుక ప్రతి పూట తిన్న కొవ్వూ పైన పేరుకుంటూ పోయి క్లోమం వాపుకు దారితీయవచ్చు. అక్కడ మంచి నూనె, చెడు నూనె అన్న తేడా లేదు. అన్ని రకాల కొవ్వునూ బాగా తగ్గించాలి, మద్యం పూర్తిగా మానాలి, వైద్యుణ్ని వెంటనే కలవాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్నవారు ఆహారం బాగుపడిందని సొంతంగా ఆపరాదు. ఆ మందు ఎల్‌డీఎల్‌తో పాటు శేషకణికలను కూడా తగ్గిస్తుంది.

భారీ భోజనం తర్వాత ఛాతీలో బరువుగా ఉంటుంది. గ్యాస్ అని ఎలా తెలుసుకోవాలి?

ఇంట్లో కూర్చొని తెలుసుకోలేరు. ఈ ఒక్క విషయాన్ని పాఠకులు తప్పకుండా గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. కడుపునిండా తిన్న తర్వాత జీర్ణకోశానికి రక్తం ఎక్కువగా వెళుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ధమనులు విప్పారే శక్తి తగ్గి ఉంటుంది. అప్పటికే పూడిక ఉన్న గుండెకు ఇవన్నీ కలిసి భారమవుతాయి. అందుకే గుండె నొప్పి భోజనం తర్వాత రావడం అరుదు కాదు, అందుకే దానిని గ్యాస్‌గా పొరబడటమూ అరుదు కాదు. పల్లెల్లో ఇలాంటి వేళ సోడా తాగించడం, వాము నమిలించడం, వీపు రాయడం చేస్తూ రెండు మూడు గంటలు గడిపేస్తారు. మూసుకుపోయిన ధమనిని తెరిచే చికిత్సకు ఆ గంటలే అత్యంత విలువైనవి.

ఛాతీ మధ్యలో బిగపట్టినట్లు లేదా బరువు పెట్టినట్లు ఉండటం, ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి, నడిస్తే పెరిగి ఆగితే తగ్గడం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. బైకు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లవద్దు, మెట్లు ఎక్కించవద్దు. ఈసీజీ తీయగల దగ్గరి ఆసుపత్రికి ముందు చేరాలి, అక్కడి నుంచి అవసరమైతే జిల్లా కేంద్రానికో విశాఖపట్నానికో పంపుతారు. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన ఇంటికి వచ్చేయకూడదు. గుండెపోటు మొదటి గంటల్లో ఈసీజీ, గుండె కండరానికి తగిలిన దెబ్బను చూపే ట్రోపోనిన్ రక్తపరీక్ష రెండూ మామూలుగా కనిపించే అవకాశం ఉంది కాబట్టి, నొప్పి ఉన్నంతవరకు ఈసీజీని మళ్లీ మళ్లీ తీయించి, ట్రోపోనిన్‌ను కొన్ని గంటల తేడాతో రెండోసారి చేయించమని అడగండి.